ఎక్కువ వేసిన పట్టీ

తెల్లవారేసరికి వాన వెలిసింది గాని, మబ్బు మాత్రం తడిసిన గొంగడిలా అడవి మీదే పడి ఉంది. అశ్వాపురం దాటాక వచ్చే మలుపు దగ్గర, రోడ్డు పక్క పల్లంలో రాందాస్ కారు నాలుగు చక్రాలూ పైకి పెట్టుకుని ఉంది. పినపాకలో పాతికేళ్ళుగా బండ్లు బాగుచేస్తున్న అంతోనయ్య మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పల్లంలోకి దిగాడు.

"తాబేలు ఎల్లకిల పడ్డట్టున్నది గదనే అన్నా," అన్నాడు జంపయ్య. కారును లాగడానికి ఎడ్లను తోలుకొచ్చింది అతనే. "పట్టపగలు, ఖాళీ బండి. కునుకు తియ్యకపోతె గిట్ల పడ్తదా?"

ఊరంతా అదే మాట. మొన్న రాందాస్ భద్రాచలం దవాఖానాలో మనుషులను దింపి, ఒక్కడే తిరిగి వస్తూ ఇక్కడ బోల్తా పడ్డాడు. కుడిచెయ్యి విరిగింది. వాళ్ళ తండాలో కారు కొన్న మొదటివాడు అతనే. ఇక స్టీరింగు ముట్టనని, బండిని పాత ఇనుము కింద అమ్మేస్తానని కబురు పంపాడు.

జీపుకైనా అంబాసిడర్‌కైనా వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉంటాయి. ఈ చిన్న కారుకు అట్లా కాదు. ఇరుసు నడుమ దగ్గర రెండు ముక్కలు. ఏ చక్రం గుంతలో పడితే అదే దిగుతుంది, రెండోదానికి పట్టదు. రెండింటికీ అడ్డంగా, బరువు మోసే ఇనుప పట్టీల కమాను ఒకటే. ఆరుగురు ఎక్కితే వెనక కూలబడుతోందని రాందాస్ అంటే, రెండు నెలల కింద అంతోనయ్య ఆ కమానుకు ఒక పట్టీ ఎక్కువ వేశాడు. ఈ అడవి దారుల్లో తిరిగే కిరాయి బండ్లన్నిటికీ అతను చేసేది అదే.

ఇప్పుడు ఆ వెనక చక్రాలు, జోడించబోయే చేతుల్లా ఒకదానివైపు ఒకటి వంగి ఉన్నాయి. అంతోనయ్య వాటిని చాలాసేపు చూశాడు. బరువుంటే నిటారుగా నిలిచేవే. ఖాళీ బండికి మాత్రం ఆ పట్టీ వెనక భాగాన్ని పైకెత్తి, చక్రాల అడుగులను లోపలికి తోసింది. మలుపులో బయటి చక్రం, పరుగెత్తేవాడి కాలు మడతపడ్డట్టు, బండి కిందికి ముడుచుకుంది.

"కునుకు కాదు జంపయ్యా. నేనేసిన పట్టీ."

"ఊకో అన్నా. నిన్నెవలడిగిండ్రు? ఇనుపోడు తూకమేసి కొనుక్కపోతడు, పట్టీ గిట్టీ అన్ని అండ్లనే కలుస్తయి. పేరెందుకు ఖరాబ్ చేసుకుంటవ్?" జంపయ్య ఉమ్మేసి మళ్ళీ అన్నాడు. "అసలు ఇరుసునెందుకు ఇరగ్గొట్టిండే ఆ కంపెనోడు?"

"కూసున్నోనికి ఒళ్ళు కదలొద్దని. కొత్తగొచ్చే బండ్లకు మళ్ళ ఒక్కటే ఇరుసట."

"సూసినవా? ఆళ్ళకే అర్థం కాలె, నీకేమైతది!"

కారును తిప్పి రోడ్డెక్కించేసరికి మధ్యాహ్నమైంది. ఎడ్లు నురగలు కక్కాయి. అక్కణ్ణుంచి అంతోనయ్య ఒక్కడే తండాకు పోయాడు.

రాందాస్ కట్టు చేత్తో మంచం మీద ఉన్నాడు. అతని భార్య లాలి పొయ్యి దగ్గర రొట్టె చరుస్తూ తిడుతోంది. "నిద్రొస్తె బండి ఆపుకోవాలె. చెట్టు కింద పండుకోవాలె. ఎవలొద్దన్నరు?"

"చూడే అన్నా, రోజు గిదే," అన్నాడు రాందాస్. "నేను నిద్రపోలే అన్నా. అందరు అనంగ అనంగ నాకే అనుమానమొస్తున్నది. నిద్రపోయిన్నేమో."

అంతోనయ్య కింద కూర్చున్నాడు. రెండు అరచేతులు ఎత్తి, ఒకదానివైపు ఒకటి వంచి చూపించాడు. "నువ్వు నిద్రపోలే. నేను పట్టీ ఎక్కువేసిన. ఖాళీ బండికి చక్రం మడతపడ్డది."

లాలి చెయ్యి ఆగింది.

"నీకు ముందే తెల్సా?" అన్నాడు రాందాస్.

"చక్రాలు ముడుసుకున్నయని పట్టీ ఏసిన దినమే చూసిన. అదే సర్దుకుంటదని ఊకున్న."

రాందాస్ కట్టు వైపు చూసుకున్నాడు.

"బండి అమ్మకు. నీ చెయ్యి అతికేలోపల పట్టీ తీసి, మంచిగ చేసిస్త."

అంతోనయ్య లేవబోయాడు.

"కూసో అన్నా," అంది లాలి.

మూడు పళ్ళేల్లో జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు పెట్టింది. ఎడమచేత్తో రొట్టె తుంచడం రాందాస్‌కు చేతకాలేదు. లాలి పళ్ళెం దగ్గరికి జరుపుకుని తుంచి పెట్టింది. అతను తిన్నాడు. లాలి, అంతోనయ్య కూడా తిన్నారు.