మైండ్ అన్న మాట

ఆదివారం మధ్యాహ్నం నేను వేయించిన గొర్రెమాంసం కోస్తుంటే మా ఆడపడుచు నోలీన్ అంది: "లెస్ బాబాయిని ఆస్పత్రివాళ్ళు పంపించేస్తున్నారు. ఇక్కడికే తెచ్చేద్దాం. మెర్ల్ ఏం మైండ్ చెయ్యదులే." మెర్ల్ అంటే నేను.

మావాళ్ళ నోట మైండ్ అన్న ఇంగ్లీషు మాటకు రెండర్థాలున్నాయి. మైండ్ చెయ్యడమంటే అభ్యంతరపడటం. మనిషిని కనిపెట్టుకుని ఉండటం కూడా మైండ్ చెయ్యడమే. పెళ్ళయిన నాటినుంచి నేను మొదటిది చెయ్యలేదు, రెండోది మానలేదు. ముందు పిల్లలు, వాళ్ళ తర్వాత పక్షవాతం వచ్చిన మామగారు. తుడవడం, తినిపించడం, పనిచేసే ఆ ఒక్క చెయ్యీ నా ఒంటిమీదికొస్తే తీసి దుప్పటి కింద పెట్టడం. ఆ సంగతి నా భర్త రాస్‌తో చెప్పుకున్నాను. "నాన్నకి తెలిసి చేస్తున్నాడా? పట్టించుకోకు" అని బూట్లు తొడుక్కుని ట్రాక్టర్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఈ ఏడు గోధుమ విత్తే రోజుల్లో దూరాన మిల్డ్యూరా పట్నంలో ఉన్న మా అమ్మకు ప్రాణం మీదికొచ్చింది. వెళ్ళొస్తానన్నాను. అదును తప్పుతుందన్నాడు రాస్. నోలీన్‌కు సెలవు దొరకదట. విత్తడం కాగానే వెళ్దువుగాని అన్నారు. అమ్మ అంతవరకు ఆగలేదు. చివరిదాకా నన్నే అడిగిందని నర్సు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను మామగారి గడ్డానికి సబ్బు రాసి ఉన్నాను. ఫోన్ పెట్టేసి గీయడం పూర్తి చేశాను. అంత్యక్రియలకు పొద్దున వెళ్ళి, ఆయన రాత్రి భోజనం వేళకు వచ్చేశాను.

అందుకే ఆ ఆదివారం కత్తి కింద పెట్టి అన్నాను: "నేను మైండ్ చేస్తాను."

రాస్ నవ్వాడు. "చూశావా నోలీన్, అడక్కుండానే ఒప్పేసుకుంది. నీలాగా ఎవరు మైండ్ చేస్తారే మెర్ల్! ఆ గ్రేవీ ఇలా ఇయ్యి."

గ్రేవీ ఇచ్చాను. ఇన్నేళ్ళలో నోరు తెరిచి కాదన్నది అదే మొదటిసారి. అదీ వాళ్ళ చెవిలో పడేసరికి సరే అయిపోయింది. ఇంకో మాట వెతకాలనిపించలేదు. చేతులు కడుక్కుని, సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని, అమ్మ ఇంటి తాళంచెవి తీసుకుని వెళ్ళి కారెక్కాను.

రాస్ నోట్లో ముద్దతోనే వరండాలోకి వచ్చాడు. ఎక్కడికన్నాడు. మిల్డ్యూరాకన్నాను.

"ఇప్పుడా? మరి నాన్నకి ఎవరు తినిపిస్తారు?"

"ఆయన మీ నాన్న, రాస్."

గేటు తీసి కారు దాటించాను. గొర్రెలు రోడ్డెక్కుతాయని తెలిసీ, మూయడానికి దిగలేదు.