గొంగడి వాసన

జడ్చర్లలో నాగరాణి పనిచేసే చోటికి బోర్డు లేదు. ఎరువుల దుకాణం పైన రెండు గదులు, పదకొండు కంప్యూటర్లు, నీళ్లు పోస్తే గాని పనిచేయని ఒక కూలరు. పొద్దున తొమ్మిదిన్నరకు అందరూ మెట్ల దగ్గర చెప్పులు విడిచి పైకి పోతారు. ఎక్కడో సముద్రాల అవతల ఎడారిలో వరసగా నిలబెట్టిన పెద్ద పెద్ద గొడుగులు నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టుకుంటాయట. అవి ఒక్క రోజులో పట్టుకున్నదంతా మనుషులే కూర్చుని చూడాలంటే ఏడు తరాలు చాలవు. అందుకని ఒక మిషన్‌కు చదువు చెప్పి ఆ పనిలో పెట్టారు. పేపర్లలో కృత్రిమ మేధ అని రాస్తారు గానీ ఇక్కడ అందరూ మిషనే అంటారు. అది కోట్ల బొమ్మలను జల్లెడ పట్టి నక్షత్రాలను ఒక దిక్కు, సెల్‌ఫోన్లూ విమానాలూ ఉపగ్రహాలూ చేసే రొదను ఇంకో దిక్కు పోస్తుంది. అనుమానం వచ్చినవి జడ్చర్లకు పంపుతుంది. గీతలూ చుక్కలూ నిండిన ఆ బొమ్మలను చూసి ఇది ఫలానా అని చెప్పడం నాగరాణి పని. చెప్పిన కొద్దీ మిషన్ నేర్చుకుంటుంది.

ఆ బొమ్మలకు వాసన ఉండేది. ఉపగ్రహం బొమ్మ తెర మీదికి రాగానే కిరసనాయిలు వాసన కొట్టేది. విమానానికి కొత్త ప్లాస్టిక్ కుర్చీ వాసన. నక్షత్రానికి ఏ వాసనా ఉండదు. సూపర్‌వైజర్ దివాకర్ మొదటి రోజే ఈ సంగతి చెప్పి, "సర్ది పట్టిననాడు సెలవు పెట్టుండ్రి, లేకుంటే తప్పులు పోతయి" అన్నాడు. అందరూ సరేనని తలూపారు.

పిడుగు బొమ్మలో తెర పైనుంచి కిందిదాకా ఒకటే తెల్ల గీత ఉంటుంది. అది దేన్ని కాల్చబోతోందో దాని వాసన వస్తుంది. గొడుగులేమో పరాయి దేశంలో ఉంటే పాలమూరు పిడుగులు వాటికెట్లా చిక్కుతున్నాయని ఎవరూ అడగలేదు. అడిగితే ఉన్న పని ఊడుతుందని కావచ్చు.

నాగరాణి తండ్రి ఐలేశం గొర్లకాపరి. ఆయనకు యాభై దాటితే లెక్క రాదు గానీ, నూట నలభై గొర్లలో ఒకటి తప్పిపోతే అది ఏదో ఇట్టే చెప్తాడు. ఒకదాని చెవి చినిగి ఉంటుంది, ఒకదాని దగ్గు వేరుగా ఉంటుంది, ఇంకోటి నీళ్లు తాగేటప్పుడు ముందుకాలు ఎత్తుతుంది. ఆ బుద్ధే బిడ్డకూ వచ్చింది. తోటివాళ్లంతా మీట నొక్కి ఊరుకుంటే, ఆమె ప్రతి పిడుగు బొమ్మ కింద ఉండే ఖాళీ గడిలో వాసన ఎట్లా ఉందో రాసేది. అది ఎక్కడ ఎన్ని గంటలకు పడిందో తరవాత తెలిస్తే అదీ రాసేది. "కంపెనీకి వాసనలెందుకమ్మా? నీ పని నువ్వు చూడు" అని దివాకర్ మొదట్లో కసిరాడు. ఆమె మానలేదు. కొన్నాళ్లకు ఆయన మరిచిపోయాడు గానీ మిషన్ మరిచిపోలేదు.

రెండేళ్లు తిరిగేసరికి ఆ గడిలో మిషనే రాయడం మొదలుపెట్టింది. లక్షల బొమ్మల్లో మనిషి కంటికి ఆనని పోలిక ఏదో దానికి దొరికింది. ఒకనాడు పక్క కుర్చీలో కూర్చునే శోభకు వచ్చిన బొమ్మ కింద "తాటిచెట్టు. కల్లుముంత. మంగళవారం 5.10" అని ఉంది. శోభ పడీపడీ నవ్వింది. మంగళవారం ఐదూ పదికి వాళ్ల ఊరి గట్టు మీద తాటిచెట్టు ముంతతో సహా కాలిపోయింది. తరవాత ఒక గడ్డివాము కాలింది, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. బర్రె అని, ఊరి పేరుతో సహా రాసినప్పుడు అందరూ కలిసి ఆ ఊరికి ఫోన్ చేశారు. ఆసామి బర్రెను చెట్టు కింది నుంచి విప్పి తీసుకుపోయి రేకుల కొట్టంలో కట్టేశాడు. పిడుగు కొట్టం మీదే పడింది. రాసింది కాలక తప్పదని వాళ్లకు అప్పుడు అర్థమైంది. ఆనాటి నుంచి శోభ నవ్వడం మానేసింది.

వైశాఖ మాసం ఎండలు మండుతున్న రోజుల్లో, మధ్యాహ్నం మూడు దాటాక నాగరాణి చాయ్ తాగి వచ్చి కూర్చుంది. తెర మీద తెల్ల గీత ఒకటి నిలబడి ఉంది. దాని వాసన ముక్కుకు తగిలేసరికి ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

నల్లగొర్రె ఉన్ని. నేతలో బిగువుకని ఉన్నికి పట్టించిన చింతగింజల గంజి. కొసన ముడివేసుకున్న బీడీకట్ట. చిన్నప్పుడు మంద వెంట పోయినప్పుడు వాన పడితే ఆమె ఆ గొంగడి కిందే నిద్రపోయేది. పాలమూరులో గొంగళ్లకేం కొదవ లేదు గానీ ఈ వాసన మాత్రం బాపు గొంగడిదే. కింద మిషన్ రాసింది, "గొంగడి. చింతగింజలు. బీడీలు. ఇవాళ 4.20."

గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. కిటికీలోంచి చూస్తే పడమట దిక్కున మబ్బు లేస్తోంది.

"ఏందే, మొకం గట్లయింది?" అని శోభ కుర్చీ జరుపుకుని వచ్చింది. గడిలో ఉన్నది చదివింది. "మా బాపుది" అంది నాగరాణి. శోభ మళ్లీ ఒకసారి చదివింది.

"గొంగడని రాసింది. మనిషని రాయలే గదా."

ఆ ఒక్క మాట పట్టుకుని నాగరాణి లేచి నిలబడింది. కాలేది గొంగడి. అందులో బాపు లేకపోతే చాలు. ఐలేశం ఫోన్ కలవలేదు, చార్జింగ్ అయిపోయి ఎన్నాళ్లయిందో. మంద మిడ్జిల్ దిక్కున మైసయ్య అనే రైతు చేనులో ఉంది. ఎరువు కోసం రైతులు వేసవిలో ఇట్లా చేనులో మంద పెట్టించుకుంటారు. బస్సెక్కి పోవాలంటే ఒక గంట, ఆపైన నడక. ఎంత ఉరికినా నాలుగూ ఇరవైకి అందదు. ఆమె ముందు ఇంటికి, తల్లి సత్తమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, బాపు గొంగడి వాసనొచ్చింది. నాలుగూ ఇరవైకట."



"ఆ మాట నీ బాపు చెవిల వెయ్యకు" అంది సత్తమ్మ. "ఆ చేను పెద్దమనిషికి సుత చెప్పకు. నోట్లకెంచి రావొద్దు బిడ్డా, అంటే అయినట్టే."

ఆ ఇంట్లో పామును పురుగంటారు. పిడుగును ఏ పేరుతోనూ పిలవరు. కంప్యూటర్ ముందు రోజుకు వందసార్లు రాసే మాటను నాగరాణి ఇంట్లో ఒక్కసారి కూడా పలికి ఎరగదు. వాసన వచ్చిందంటే చాలు, తల్లికీ తండ్రికీ అర్థమవుతుంది.

"మరెట్లనే అమ్మా?"

"నేను ఎల్లమ్మకు మొక్కుకున్ననని చెప్పు. పొద్దుగూకెదాక గొంగడి మీదేసుకోవద్దని మొక్కు. మొక్కంటే మీ బాపు మారుమాట్లాడడు."

మైసయ్య ఫోన్ రెండోసారికి ఎత్తాడు. డెబ్బై దగ్గర పడిన మనిషి, ఊళ్లో ఇంటి ముందు మంచం మీద పడుకుని ఉన్నాడు, భార్య నర్సింగమ్మ లోపల పనిలో ఉంది.

"తాతా, నేను ఐలేశం బిడ్డను."

"నాగరాణీ! మంచిగున్నవా బిడ్డా? తిన్నవా?"

"తిన్న తాతా. బాపుకు జర ఒక మాట చెప్పాలె, ఇప్పుడే. అమ్మ మొక్కుకున్నదట, పొద్దుగూకెదాక గొంగడి కప్పుకోవద్దట."

"మొగులు వట్టింది గదనే. వానొస్తే తడువడా ఆయన?"

"తడువనియ్యి. నీ కాళ్లు మొక్కుత తాతా, జర పొయి చెప్పు."

"కాళ్లెందుకు మొక్కుతవు పిచ్చిదానా. మోకాళ్లు నొస్తున్నయి గాని పోత. ఎంత దూరమని?"

చెప్పి వెంటనే తిరిగి రా తాతా అని ఒక్క మాట అనాలని ఆమెకు తోచలేదు. తండ్రి ప్రాణం తప్ప ఆ ఘడియలో ఆమెకు లోకంలో ఇంకేదీ లేదు. ఫోన్ చేతిలో పట్టుకుని గడియారం కేసి చూస్తూ నిలబడింది. దివాకర్ వచ్చి తెర చూసి, తన కుర్చీలోకి పోయి కూర్చున్నాడు. పదకొండు మందీ మీటలు నొక్కడం ఆపేశారు.

నాలుగూ ఐదుకు ఫోన్ మోగింది. గాలి హోరు, గొర్ల అరుపులు, వాటి మధ్యన మైసయ్య కేకేసి మాట్లాడుతున్నాడు.

"చెప్పిన బిడ్డా! ఎందుకు, ఏందని సుత అడుగలే. గొంగడి తీసి మలిచి బండమీద వెట్టిండు."

"బాపు దాని దగ్గర ఉన్నడా?"

"ఏడ, గొర్ల దిక్కు పోయిండు. ఫికర్ చెయ్యకు. వాన సురువైంది, ఉంట మరి."

నాగరాణి కుర్చీలో కూలబడింది. శోభ నీళ్లు తెచ్చిచ్చింది. నాలుగూ పదిహేను. గదిలో గొంగడి వాసన చిక్కబడింది, పక్క గదిలోవాళ్లు కూడా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నాలుగూ పంతొమ్మిదికి ఊపిరాడనంతగా కమ్ముకుంది. ఉన్ని కాలుతున్న కమురు ఒక్కసారి గుప్పుమని, అంతలోనే ఏమీ లేకుండా పోయింది. గీత తెర మీదే ఉంది. వాసన మాత్రం లేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. మళ్లీ మైసయ్య నంబరు నుంచే ఫోన్ వచ్చింది.

"తాతా, బాపు..."

"నేనే బిడ్డా" అన్నాడు ఐలేశం.

ఆ గొంతు వినగానే నాగరాణి బావురుమంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. శోభ ఆమె భుజాలు పట్టుకుంది. బాపు బతికే ఉన్నాడు. ఆ సంతోషం ఎంతసేపుందో ఆమె తరవాత ఎన్నోసార్లు లెక్కేసుకుంది, రెండు ఊపిర్ల కంటే ఎక్కువ లేదు. బాపు మైసయ్య ఫోన్‌తో ఎందుకు మాట్లాడుతున్నాడన్న ఆలోచన అప్పుడు వచ్చింది.

"మైసయ్య మామ పోయిండు బిడ్డా."

నాగరాణి ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

"నాకు మొక్కు సంగతి చెప్పి ఆడనే నిలవడె. ఒక్కపారి వాన దంచె. ముసలి పానం, తడిసి గజగజ వణుకవట్టె. గొంగడేమో బండమీద ఉత్తగనే ఉండె. మొక్కు నాకు గాని ఆయనకు గాదు గదా అని నేనే తెచ్చి కప్పిన. వద్దు వద్దన్నడు. నేనే తల మీదికెంచి మంచిగ కప్పి, కూసో మామా అని చెప్పి గొర్లను మలుపవోయిన. ఇరువై అడుగులు సుత పోలే."

వాన చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడో ఒక గొర్రె ఆగకుండా అరుస్తోంది.

"బిడ్డా, వాసనొచ్చిందా నీకు?"

మొక్కు అబద్ధం ఇంకా నాలుక మీదే ఉంది. ఇంకోసారి ఆడితే ఆయన నమ్ముతాడు కూడా.

"వచ్చింది బాపు" అంది నాగరాణి. "గొంగడి వాసన."



"చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు ఐలేశం. ఆ మాటలో కోపం లేదు. "నర్సింగమ్మత్త ఉరుక్కుంట వస్తాంది, చేని ఒడ్డు దాటింది. మొగడేడని అడుగుతది. ఏం చెప్పాలె నేను?"