గరిటె తిరిగితేనే పాసు

ఉదయం ఎనిమిదయ్యేసరికి ఎక్స్-రే గదిలో ఆమె గొంతు మొదలయ్యేది. "ఊపిరి పీల్చండి... ఆపండి... వదలండి." ఇరవై ఏళ్లుగా అదే పాట. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయి, ఆయా నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఊపిరక్క అయిపోయింది. నలభై నాలుగో ఏట ఆ ఊపిరక్క ఎమ్మారై స్కానింగ్ పీజీ కోర్సులో చేరింది. పగలు డ్యూటీ, సాయంత్రం క్లాసు, ఇంటికొచ్చాక వంటింటి బల్ల దగ్గర చదువు.

ఆమె చదువుతుంటే గోడ మేకుకు వేలాడే ఇనుప గరిటె తిరిగేది. పాఠం నిజంగా బుర్రకెక్కితే ఆమె వైపు తిరిగి నిలిచేది. బట్టీ పట్టిందా, ససేమిరా కదిలేది కాదు. తాళాలు కనబడనప్పుడల్లా ఆమె భర్త "కాస్త ఆ అయస్కాంతాల పాఠం చదువుదూ" అనేవాడు. సోఫా కింద నుంచి తాళాలు జరుక్కుంటూ వచ్చేవి. అత్తయ్యకు అక్షరం ముక్క రాదు గానీ, ఎదురుగా కూర్చుని గరిటెను చూసి మార్కులు వేసేది.

"కదల్లేదమ్మాయ్. మళ్లీ చదువు."

"అర్థమైంది అత్తయ్యా, ఒట్టు!"

"నాకు కాదు, దానికి చెప్పు."

అన్నీ ఎక్కాయి గానీ ఒక్కటి మాత్రం కొరుకుడు పడలేదు. ఎక్స్-రే మిషన్ మీట నొక్కితేనే పని చేస్తుంది. నొక్కకపోతే అది ఉత్త గది. ఎమ్మారై అలా కాదు, స్కాన్ జరిగినా జరగకపోయినా దాని అయస్కాంతం లాగుతూనే ఉంటుంది. ఆ సంగతి ఆమె పరీక్షల్లో పదిసార్లు రాసింది. అయినా ఇరవై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రాక్టికల్ రోజున, స్కాన్ ఇంకా మొదలవలేదు కదా అని, కోటు జేబులో కత్తెరతో సహా ఎమ్మారై గది గుమ్మం దాకా నడిచింది. పరీక్ష పెట్టే మేడం చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. ఫెయిల్. ఇంకొక్క అవకాశమే మిగిలింది. అదీ పోతే కోర్సు పోయినట్టే, ఆస్పత్రిలో కొత్తగా తెరిచే ఎమ్మారై విభాగంలో ఉద్యోగమూ పోయినట్టే.

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. అత్తయ్య ఓదార్చలేదు, పుస్తకం తెచ్చి ముందు పడేసింది.

"పరువు పోయిందని ఏడుస్తున్నావా, పాఠం రాలేదనా? పాఠం రాలేదనైతే దానికి మందుంది."

ఆరు నెలలు ఆ మందే మింగింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పుస్తకం మూసేసి, తన మాటల్లో అత్తయ్యకు చెప్పింది.

"అది నిద్రపోదు అత్తయ్యా. మనం చూడకపోయినా లాగుతూనే ఉంటుంది."

గరిటె గిర్రున తిరిగి, మేకు నుంచి ఊడి, ఆమె చేతి పక్కన పడింది.

"ఇప్పుడొచ్చింది," అంది అత్తయ్య.

రెండోసారి పరీక్ష ఆమె ఆస్పత్రిలోనే, కొత్తగా బిగించిన ఎమ్మారై దగ్గర, పొద్దున పదింటికి పెట్టారు. అదే మేడం వచ్చింది. నడుంనొప్పితో వచ్చిన, లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే మెకానిక్‌కు స్కాన్ చెయ్యాలి. నలభై నిమిషాలు టైము. ఒంట్లో లోహం ఉందా అని అడిగే ఫారంలో అతను అన్నిటికీ 'లేదు' అని రాశాడు. ఊపిరక్క బయటి గదిలో అతన్ని కూర్చోబెట్టి, లోపలి అయస్కాంతం గురించి అత్తయ్యకు చెప్పినట్టే చెప్పసాగింది. మేడం చేతిలోని అట్టకున్న ఇనుప క్లిప్పు మెల్లగా ఆమె వైపు తిరిగింది. మెకానిక్ ఎడమ కన్ను నలుపుకున్నాడు.

"మీరు చెబుతుంటే కంట్లో ఏదో మెదిలిందమ్మా."

ఊపిరక్క చెప్పడం ఆపేసి అతని కంటి వైపు వంగింది.

"ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా బాబూ?"

"పదేళ్ల కిందట పడింది. మా వాడే గుడ్డతో తీసేశాడు, మొత్తం వచ్చేసిందన్నాడు. అందుకే లేదని రాశాను."

"స్కాన్ ఆపేస్తున్నానండీ. ముందు కంటికి ఎక్స్-రే తీయాలి," అంది ఊపిరక్క.

మేడం గడియారం చూసింది. "టైము పెంచడం నా చేతుల్లో లేదు."

"తెలుసండీ."

చెప్పినంత తేలిగ్గా లేదు. ఆరు నెలల చదువు కళ్లముందే కరిగిపోతోంది. అయినా డ్యూటీ డాక్టరు చేత చీటీ రాయించుకుని, అతన్ని తన ఎక్స్-రే గదికి నడిపించుకెళ్లింది. పైకి చూడమని ఒకటి, కిందికి చూడమని ఒకటి తీసింది. రెండింటిలోనూ నువ్వుగింజంత తెల్లచుక్క కనబడింది. చూపుతో పాటే అదీ కదిలింది. అంటే రజను కనుగుడ్డులోనే ఉంది. అతను ఎమ్మారై గది గుమ్మం దాటి ఉంటే కన్ను పోయేది.

మెకానిక్‌ను కంటి డాక్టరు దగ్గరికి పంపేసరికి నలభై నిమిషాలూ అయిపోయాయి. మేడం ఆ రెండు ఎక్స్-రేలనూ చాలాసేపు చూసింది.

"స్కాన్ చెయ్యడం ఎవరికైనా నేర్పొచ్చు. స్కాన్ ఎప్పుడు చెయ్యకూడదో నేర్పడం కష్టం. పోయినసారి గుమ్మం దగ్గర మిమ్మల్ని నేను ఆపాను, ఈసారి మీరే ఒకరిని ఆపారు," అని, అట్ట మీది కాగితంలో 'పాస్' అని రాసి సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. మేకు నుంచి తీసిన గరిటె ఆమె చేతిలో ఉంది.

"పొద్దున పదిన్నర నుంచి ఇది ఆస్పత్రి వైపే తిరిగి ఉందమ్మాయ్. ఇరుగూ పొరుగూ అందరినీ పిలిచి చూపించాను, మా కోడలు పాసైందని. ఇంక దీనికి పరీక్షలు లేవుగా, కూర కలుపుకుంటాను."

అని వంటింట్లోకి వెళ్లబోయింది. గరిటె కదలనివ్వలేదు, కోడలి వైపు లాగింది. అత్తయ్య దాన్ని వదలకుండా, అది లాగిన వైపే నడిచి వచ్చి కోడల్ని కావలించుకుంది.