సున్నం గోడ

హాల్లో అడుగుపెట్టగానే రజిని ఆగిపోయింది. పడమటి గోడ సగానికి పైగా తడి సిమెంటు.

సిద్దిపేటలో ఒకప్పటి ధాన్యం వ్యాపారి బంగ్లా అది. తమ బట్టల దుకాణానికి దగ్గరని రజిని, ఆమె భర్త కర్ణాకర్ కొన్నారు. వంటగది, బాత్రూంలు కొత్తగా కావాలి. టేకు దూలాలు, డంగు సున్నం గోడలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. మేస్త్రీ భూపతికి ఈ మాట చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది.

"భూపతన్నా, దీనికి సిమెంటు వద్దన్న కదా."

"సున్నం పని ఇప్పుడు ఎవలు చేస్తున్రక్కా?" అన్నాడు తాపీ ఆపకుండానే.

"వంటింట్ల గిట్లనే కొట్టినవు. నెల తిరగకముందే చెమ్మ పట్టి పెచ్చులు ఊడినయి."

"సారే కొట్టమన్నడు."

రజిని భర్తకు ఫోన్ చేసింది. "అవు, నేనే చెప్పిన. పన్నెండు రోజుల్ల గృహప్రవేశం. ఒక్క గోడకు గింత లొల్లి ఎందుకు?" అన్నాడు కర్ణాకర్.

ఆమె ఫోన్ పెట్టేసింది. కొంగు నడుముకు బిగించి, ఒక తాపీ అందుకుని ఆ తడి సిమెంటును గీకడం మొదలుపెట్టింది. భూపతి కాసేపు చూసి, పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు.

ఐదో రోజు ఆమె కుకునూరుపల్లి వెళ్లి, ఒకప్పుడు సున్నం పని చేసిన కనకవ్వను వెతికి తీసుకొచ్చింది. ముసలామె గోడను అరచేత్తో తట్టి చూసి, "గోడ మంచిగనే ఉన్నది. సున్నం పదిహేను రోజులు నానాలె" అంది.

"అవ్వా, ముహూర్తం వారంల ఉన్నది."

"సున్నానికి ముహూర్తం తెల్వదు బిడ్డా."

రజినికి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. అటు మేస్త్రీ తొందర, ఇటు ఈమె తీరిక. అయినా ఆ సాయంత్రమే తొట్టిలో సున్నం నానబోసింది.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి. వచ్చిన చుట్టాలు కొత్త వంటగదిని పొగిడి, గీతలు పడ్డ గోడ ముందు గుసగుసలాడారు. కర్ణాకర్ ముఖం మాడ్చుకుని ఒక బెడ్‌షీట్ తెచ్చి అడ్డంగా కట్టబోయాడు.

"ఉండనీ. ఇంకా పని ఉన్నదని చెప్పు" అంది రజిని.

అతను బెడ్‌షీట్ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఆ ముసలామె ఎన్నడొస్తది?"

"సున్నం నానినంక, పై వారం సోమవారం. అందుల కలిపే కరక్కాయలు, బెల్లం నువ్వే తేవాలె."