ఆరు గుంటలు, ఒక జనరేటర్

తండ్రి ఖాదర్ బాషా పోయిన పన్నెండో రోజున షమీమ్ పనిలోకి వచ్చింది. ఇంట్లో ఉంటే ఏడవమంటారు. ఆమెకు ఏడుపు రావడం లేదు.

జువ్వలదిన్నె దగ్గర పెంచలకృష్ణకు ఆరు రొయ్యల గుంటలున్నాయి. ఒక్కో గుంటకు నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు నాలుగు. వాటి మోటార్లు కాలినప్పుడల్లా వైండింగ్ చేసింది ఖాదర్ బాషా. గట్ల మీద గుంటకొకటిగా వాటిని నడిపే కంట్రోల్ పెట్టెలు బిగించింది షమీమ్. ప్రతి పెట్టే తన గుంటలో ప్రాణవాయువు ఎంతుందో చూసుకుని, మిగతా పెట్టెలతో రేడియోలో మాట్లాడుకుని, ఎవరు ఎన్ని ఏరేటర్లు తిప్పుకోవాలో తేల్చుకుంటుంది. వాటి మీద పెత్తనం చేసే పెట్టె వేరే లేదు.

మూడు రోజులుగా ముసురు. ఎండ లేక నీళ్లలో గాలి తగ్గిపోయింది. ఆ మధ్యాహ్నం కరెంటు కూడా పోయింది. జనరేటర్ పన్నెండు ఏరేటర్లను మాత్రమే మోయగలదు. అది రెండుసార్లు ఆగిపోయాక పెంచలకృష్ణ ఫోన్ చేశాడు.

షమీమ్ గొడుగు కింద ల్యాప్‌టాప్ పట్టుకుని గట్టు మీద కూర్చుంది. సంగతి తొందరగానే తెలిసింది. గాలివానకు రేడియో తెగిపోతోంది. మూడో గుంట పెట్టెకు ఎవరి మాటా వినపడక, మిగిలినవన్నీ ఆగిపోయాయనుకుని నాలుగూ తిప్పేస్తోంది. జనరేటర్ మీద భారం పెరిగి అన్నీ ఆగిపోతున్నాయి.

ఆమె రూలు మార్చింది. ఎవరి మాటా వినపడని పెట్టె రెండే తిప్పుకోవాలి. వినపడుతున్నవి, మాట్లాడని దానికి రెండు వదిలిపెట్టి మిగిలినవి పంచుకోవాలి. ఎవరు ఎప్పుడు తెగిపోయినా పన్నెండు దాటదు. ఒక్కో పెట్టె దగ్గరకూ నడిచి వెళ్లి ఎక్కించింది. జనరేటర్ మళ్లీ అందుకుంది. ఈసారి ఆగలేదు.

కానీ మూడో గుంటలో రొయ్యలు పైకి తేలడం మొదలైంది. వారంలో పట్టి అమ్మాల్సిన గుంట అది; పెరిగిన రొయ్యలకు రెండు ఏరేటర్ల గాలి చాలదు.

“దానికి నాలుగూ ఎయ్యమ్మా,” అన్నాడు పెంచలకృష్ణ.

“అన్నిట్లోనూ గాలి అంతంతే ఉందన్నా. దానికి నాలుగేస్తే ఇంకెక్కడన్నా రెండు ఆపాల. ఏ గుంటలో ఆపమంటావు?”

అతను గట్ల వెంట చివరిదాకా చూశాడు. తలపాగా విప్పి పిండుకున్నాడు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. ఐదు గుంటలు నిలబడ్డాయి. మూడోదాంట్లో సగం పోయింది. చచ్చినవాటిని తీయకపోతే మిగిలినవీ చెడతాయని అతని భార్య కామాక్షమ్మ గంపలు తెచ్చింది. షమీమ్ కూడా నీళ్లలోకి దిగి చేతులతో ఏరింది. బాషాన్న కట్టిన మోటారు ఒక్కటీ మొరాయించలేదని పెంచలకృష్ణ అంటుంటే తల ఊపింది.

“చెయ్యి చూసుకోమ్మా, నెత్తురు కారతా ఉండాది,” అంది కామాక్షమ్మ.

రొయ్య తల మీది ముల్లు బొటనవేలి కింద లోతుగా దిగింది. షమీమ్ దాన్ని పీకి, ఎర్రగా ఊరుతుంటే కాసేపు చూసింది. ఉప్పునీళ్లలోనే కడిగింది. మండాలి కదా, మండడం లేదేం అనుకుంది.

తల్లి సైదాబీ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానని చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకుని, షమీమ్ మళ్లీ గంప అందుకుంది.