అడగకుండా తొడిగిన కోటు

వీధిలో అందరూ లాండ్రీ అక్క అని పిలిచే ఆవిడకి నోరు పెద్దదే గానీ గుండె పిరికిది. ఆ రోజు లాయరమ్మ చెప్పాపెట్టకుండా వచ్చి, "అక్కా, నా నల్లకోటు ఇచ్చెయ్, మధ్యాహ్నం కోర్టుంది" అనగానే ఇస్త్రీపెట్టె మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

రేపు రావలసిన మనిషి ఇవాళే ఊడిపడితే ఏం చేస్తుంది పాపం. కోటు కొక్కేనికి లేదు, కూతురి ఒంటిమీద ఉంది. కూతురు లా చదువుతోంది. పొద్దున కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదనల పోటీ. మోచేతులు చిరిగిన తన పాత కోటుతో పిల్ల అందరి ముందూ నిలబడుతుందంటే తల్లి ప్రాణం ఉసూరుమంది. "లాయరమ్మని అడిగాలే, తొడుక్కోమంది" అని అబద్ధమాడి, తనే తొడిగి పంపింది.

"ఇంకా ఆరలేదమ్మా," అంది ఇప్పుడు.

"దాన్ని నీళ్ళలో వెయ్యొద్దన్నాగా?"

సరిగ్గా అప్పుడే కూతురు ఆ కోటుతోనే లోపలికొచ్చింది, ముఖం వెలిగిపోతూ. "అమ్మా, గెలిచాను. థాంక్స్ మేడమ్, మీ కోటు కలిసొచ్చింది."

లాయరమ్మ తల్లివంక చూసి, పిల్లవంక తిరిగింది. "ఏం కేసు?"

"రిపేరుకిచ్చిన కారుని సొంతానికి తిప్పుకున్న మెకానిక్ కేసు. నమ్మి అప్పగించిన వస్తువుని దురుద్దేశంతో వాడుకుంటే, తిరిగిచ్చినా నేరమేనని వాదించాను. శిక్ష వేయించాను."

కూతురు గెలిచిన కేసులో ముద్దాయి తనేనని తెలియడానికి అక్క లా చదవక్కర్లేదు. కేసంటూ పెడితే కొట్టు మూతపడుతుంది. కోటు తొడిగింది పిల్ల కాబట్టి పిల్లనీ లాగుతారు, ఇక దాన్ని లాయరుగా ఎవరు రానిస్తారు?

"నేను అడగలేదే అమ్మడూ, అబద్ధం చెప్పాను. లాయరమ్మా, దానికేమీ తెలియదు. కేసు పెడితే నామీదే పెట్టండి, దాని చదువు పాడుచెయ్యకండి."

పిల్ల ముఖం మాడిపోయింది. కోటు విప్పి బల్లమీద పెట్టింది.

"ఇప్పుడు ముద్దాయి తరఫున వాదించు," అంది లాయరమ్మ.

"మా అమ్మ..."

"అమ్మ అనకు."

"ముద్దాయి కోటు కాజేయాలనుకోలేదు, మీకు నష్టం చెయ్యాలనీ అనుకోలేదు. దురుద్దేశం లేనిదే నేరం నిలవదు." పిల్ల తల్లివంక తిరిగింది. "కానీ అడక్కపోవడం తప్పు. అబద్ధమాడటం ఇంకా తప్పు. దాన్ని మాత్రం నేను వెనకేసుకురాను."

అక్కకి సిగ్గుతో తల వాలిపోయింది. లోపల గర్వమూ పొంగింది, అదేం చోద్యమో.

లాయరమ్మ కోటు తొడుక్కుంది. "పొద్దున ఇంత బాగా వాదించి ఉండవు. శనివారం మా ఆఫీసుకి రా, ముద్దాయిల తరఫు పని నేర్పుతాను." అక్కవంక చూడకుండానే వెళ్ళిపోయింది.

ఇక ఆవిడ బట్టలు ఈ గుమ్మం తొక్కవని అక్క తేల్చేసుకుంది. సాయంత్రం ఇస్త్రీ మధ్యలో తలెత్తితే ఎదురుగా లాయరమ్మ. కోటు విప్పి అక్క చేతికే ఇచ్చింది.

"కాలర్ మాసింది. రేపటికి కావాలి."

అక్క కళ్ళు తుడుచుకుంది. కోటుని అన్నిటికన్నా ఎత్తు కొక్కేనికి తగిలించి, కూతురి మీద గయ్యిమంది.

"దానివంక చూశావంటే కాళ్ళు విరగ్గొడతా."

"తీసింది నేనా, అమ్మా?"