నలుగురిలో జోకిన పిల్ల

సాయిలతకు రెండేళ్లప్పుడు నిమోనియా వచ్చింది. కామారెడ్డి ఆసుపత్రిలో పక్క మంచాల వాళ్లు ఆ పిల్లను చూసి మొహం తిప్పుకునేవారు, అంత బక్కగా ఉండేది. డాక్టరు తను చేయాల్సింది చేశాడు, తల్లి అనిల తను చేయగలిగింది చేసింది. "బిడ్డ ఒళ్లు జేస్తే నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ" అని సమ్మక్కకు మొక్కుకుంది. బంగారమంటే బెల్లమే. మనిషిని కాంటాలో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం జోకి, అంటే తూచి, సమర్పించుకోవడం ఇంటింటికీ తెలిసిన మొక్కు. పిల్ల బతికింది. ఒళ్లు కూడా చేసింది. రెండేళ్లకోసారి వచ్చే జాతర ఒకసారి భర్త భీమేష్ వీసా తిరుగుళ్లలో, ఒకసారి కరోనాలో, మిగతాసార్లు ఊరికే కుదరక దాటిపోయింది. భీమేష్ మస్కట్‌లో ఏసీలు బిగిస్తాడు. ఎల్లారెడ్డిలో ఇల్లు, పిల్ల, కుట్టు మిషను అనిల చేతి మీద నడుస్తాయి.

తీరా మొక్కు తీర్చేనాటికి సాయిలత ఎనిమిదో తరగతికొచ్చింది. గల్లీలో ఆ పిల్ల పేరు దొడ్డు లత. పక్కింటివాళ్లు పిలిచినా అదే, పాలు పోసే మనిషి పిలిచినా అదే. ముద్దుగా పిలుస్తున్నామని వాళ్ల నమ్మకం. మన దగ్గర పిల్లల ఒంటి గురించి మాట్లాడటానికి చదువు అక్కర్లేదు, చుట్టరికం అక్కర్లేదు, నోరుంటే చాలు. ఆ పిల్ల మాత్రం ఎవరేమన్నా అన్నం ఇష్టంగానే తినేది. బడి నుంచి రాగానే మిషన్ పక్కన కూలబడి, "అమ్మా, ఒక్క ముద్ద వెట్టవే" అని నోరు తెరిచేది. అనిల చేతిలో బ్లౌజు పక్కన పడేసి పప్పన్నం కలిపి తినిపించేది. బడిలో ఎవరు ఎవరితో కచ్చి అయి మాటలు మానేశారో, ఏ టీచరు ఎట్లా నడుస్తుందో, ముద్దకొక ముచ్చట చెప్పేది సాయిలత. పొద్దంతా మిషను చప్పుడు తప్ప ఇంకేం వినని అనిలకు ఆ పూట పండగే.

భీమేష్ అక్క పద్మప్రియకు అదంతా గారాబంలా కనిపించింది. ఆమె కామారెడ్డిలో ఓ ప్రైవేటు బడిలో టీచరు. ఏది చెప్పినా నల్లబల్ల మీద రాసినట్టే చెబుతుంది.

"నువ్వే ఆగం జేస్తున్నవ్ అనిలా. పోరికి సిగ్గు పుట్టాలె. సిగ్గు పుడితెనే తిండి తగ్గుతది. మా బడిల గిట్లనే ఇద్దరు దొడ్డు పిల్లల్ని ప్రేయర్ల ముంగటికి పిలిచి నిలబెట్టిన. మల్ల బుద్ధొచ్చింది."

బుద్ధే వచ్చిందో, బడే మానేశారో ఆమె చెప్పలేదు. అనిల అడగలేదు.

జాతర దగ్గర పడ్డాక ఓ ఆదివారం తల్లీబిడ్డలు కామారెడ్డి బస్సెక్కారు. లింగంపేట దాటిందాకా సాయిలత కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, లోపల జోకుమని చెప్తవా? బయట వద్దే."

"లోపల్నే జోకిపిస్త తియ్."

"ఒట్టు?"

"ఒట్టు బిడ్డా."

గంజ్ బజారులో బెల్లం దుకాణాల ముందు కాలు పెట్టే సందు లేదు. మొక్కులవాళ్ల కోసం రోడ్డు మీదే పెద్ద పెద్ద కాంటాలు కట్టారు. పద్మప్రియ ముందే వచ్చి తెలిసిన దుకాణం దగ్గర నిలబడింది. దుకాణం మైసన్నది. అతను పిల్ల మొహం చూసే కనిపెట్టాడు. "గోదాంల కరెంటు కాంటున్నది, అండ్ల జోకాల్నా అమ్మా?" అని తనే అడిగాడు. బెల్లం అమ్ముకునే మనిషికి తట్టిన మాట అది.

"ఎందుకన్నా, ఇదేమన్న దొంగ మొక్కా? ఈడనే జోకు" అంది పద్మప్రియ. ఆ తర్వాత అనిల చెవి దగ్గరకొచ్చి, "మంచి మోక దొరికింది. ఒక్కసారి నలుగురిల సిగ్గయితే జన్మల మర్శిపోదు" అంది.

సాయిలత తల్లి వైపు చూసింది. అనిలకు నోరు పెగల్లేదనుకుంటే పొరపాటు. బాగానే పెగిలింది. "ఎక్కు బిడ్డా, ఎంతసేపు, ఐదు నిమిషాల పని" అంది. వదిన చదువుకున్న మనిషి, నిజంగానే మేలవుతుందేమోనని ఆశ. కన్నతల్లికి కూడా ఎంత పాడు ఆశ పుడుతుందో!

సాయిలత ఒక తట్టలో కూర్చుంది. మైసన్న కొడుకు రెండో తట్టలో బెల్లం ముద్దలు పేర్చసాగాడు. కాంటా కదల్లేదు. ఇంకా పేర్చాడు. జీపు దిగిన బీబీపేట జనం అటు తిరిగారు. "ఇంకోటెయ్" అని ఎవరో అన్నారు. ముద్ద పడ్డప్పుడల్లా "ఇంకోటెయ్, ఇంకోటెయ్" అని నలుగురూ అందుకున్నారు. "సావుకారీ, నీ దుకాణం ఖాళీ అయితది సూస్కో!" అని ఒక పెద్దాయన అనేసరికి అందరూ విరగబడి నవ్వారు. పద్మప్రియ ఫోను పైకెత్తి వీడియో తీస్తోంది. సాయిలత గొలుసులు గట్టిగా పట్టుకుని తల్లినే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే అనిల పరుగెత్తి దింపేసేదేమో. ఆ వీడియో సాయంత్రానికల్లా చుట్టాల గ్రూపులో తిరిగింది. మస్కట్ నుంచి తండ్రి కూడా నవ్వే బొమ్మలు పెట్టాడు.

జాతరకు పోయొచ్చి, గల్లీలో ప్రసాదం పంచారు. మొక్కు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే పంచాలన్నారు కాబట్టి సాయిలతే సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నాలుగిళ్ల అవతలుండే సుభద్రమ్మ ముక్క అందుకుని, "ఇది నీ తొడ ముక్కనానే, చెయ్యి ముక్కనా?" అని పకపకా నవ్వింది. తలుపు చాటునుంచి విన్న కోడలు కూడా నవ్వింది. సాయిలత పక్కింటికి నడిచింది.

ఆ రోజు నుంచి ఆ పిల్ల తల్లిని ముద్ద అడగలేదు. "బడిల తిన్న" అనేది. "ఆకలైతలేదు" అనేది. మెల్లగా ఒళ్లు తగ్గింది, చెంపలు దిగాయి. ఇక చూడాలి గల్లీ సంబరం! దొడ్డు లత అన్న నోళ్లే "సక్కగైనవే పోరీ" అన్నాయి. "నే జెప్పలే?" అని పద్మప్రియ ఫోన్లో మురిసిపోయింది. అబద్ధమెందుకు, అనిలా మురిసింది. పిల్ల యూనిఫాం వదులైతే పక్క కుట్లు లోపలికి వేసింది. మళ్లీ వదులైతే మళ్లీ వేసింది. ఆ తర్వాత ఒకసారి కొలత తీయడానికి టేపు చుడితే పక్కటెముకలు చేతికి తగిలాయి. అప్పుడు భయం వేసింది.

భయం వేశాక కళ్లు తెరుచుకున్నాయి. తిన్న వెంటనే బాత్రూంలో నల్లా విప్పి, ఆ చప్పుడు మాటున పిల్ల కక్కుకుంటోంది. దువ్వెన నిండా వెంట్రుకలు. నెలసరి ఆగిపోయింది. ఒకరోజు బడిలో కళ్లు తిరిగి పడితే కామారెడ్డి తీసుకుపోయింది. డాక్టరమ్మ అన్నీ చూసి, "ఒంట్ల రక్తం లేదమ్మా. కానీ అసలు జబ్బు అది కాదు. ఈమెకు తిండంటే భయం పట్టుకుంది. హైదరాబాద్‌ల మనసు డాక్టర్లకు చూపియ్యాలె" అంది. "ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా?" అని కూడా అడిగింది. హైదరాబాద్ డాక్టరు పేరు రాసిమ్మంది అనిల. సంగతి విని పద్మప్రియ మాత్రం, "బక్కగున్నా రంది, దొడ్డుగున్నా రంది, నీకేం పని లేదు" అని ఫోను పెట్టేసింది.

అనిల హైదరాబాద్ తిప్పింది. మందులిచ్చారు, మాట్లాడారు, మళ్లీ రమ్మన్నారు. ఇంటికొచ్చాక ఎన్నిసార్లు పళ్లెం పట్టుకుని పక్కన కూర్చున్నా పిల్ల గోడ వైపు తిరిగి పడుకునేది. ఒక్క ముద్ద తిని ఒక్క ముచ్చట చెబితే చాలు, ఇంకేమీ అడగను అనుకునేది అనిల.

మరుసటి ఏడు ఎండాకాలం సెలవుల్లో సుభద్రమ్మ మనవరాలిని వెంటేసుకుని వచ్చింది. కూతురి కూతురట, మాచారెడ్డి నుంచి వచ్చిందట, పేరు చిన్ని. ఏడేళ్ల పిల్ల, బుగ్గలతో బొద్దుగా ఉంది. అనిల మురుకులు పళ్లెంలో పెట్టిచ్చింది. చిన్ని నేల మీద కూర్చుని కరకరా నమలసాగింది. ఆ ఇంట్లో ఓ పిల్ల తింటున్న చప్పుడు విని ఎన్నాళ్లయిందో! అనిల ఇంకో రెండు మురుకులు పళ్లెంలో వేసింది.

"గిట్ల తింటది పొద్దుందాక" అంది సుభద్రమ్మ. "నీ బిడ్డెట్ల తీగలెక్కయింది! ఏం జేసినవో జర చెప్పరాదే అనిలా. దీన్ని గూడ గంజ్‌కు తీస్కపోయి కాంటా ఎక్కియ్యాల్నా?"

అనిల చేతిలోని గుడ్డ కింద పెట్టేసింది. ఆ రోజు గంజ్‌లో అనాల్సిన మాట ఇప్పటికి బయటికి వచ్చింది.

"వద్దవ్వా. నీ కాళ్లు మొక్కుత, అంత పని జెయ్యకు. నా బిడ్డ బాగుపడలేదు, పాడైంది. నలుగురిల కూసోవెట్టి నేనే పాడు జేసుకున్న. ఈ పోరిని తిననియ్యి, ఏమనకున్రి."

సుభద్రమ్మ మంచం మీదున్న సాయిలతను ఎగాదిగా చూసింది. "గింత సక్కటి పిల్లను వట్టుకొని పాడైందంటవేందే? దిష్టి తగుల్తదని దాస్తున్నవా?"

అంత ఎండలోనూ దుప్పటి కప్పుకుని ఉన్న సాయిలత లేచింది. వచ్చి చిన్ని ముందు గొంతుక్కూర్చుంది. పిల్లతో ఆడుకుంటుందేమోనని అనిలకు ప్రాణం లేచొచ్చింది. సాయిలత రెండు వేళ్లతో చిన్ని జబ్బ పట్టుకుని మెల్లగా నొక్కింది. కోపంగా కూడా కాదు, పాఠం చెప్పినట్టు అంది.

"గిదేంది? గిట్లుంటె అందరు నవ్వుతరు. సిగ్గనిపిస్తలేదా నీకు?"

"లతా!" అంది అనిల.

"నువ్వూకో అమ్మా. నీకు తెల్వది. నాకు మంచిగనే అయింది."

చిన్ని నమలడం ఆపింది. చేతిలోని మురుకు పళ్లెంలో పెట్టేసింది. చెయ్యి గౌనుకు తుడుచుకుని, ఆ గౌను పొట్ట మీదికి సరిగ్గా లాక్కుంది.

"సూసినవా! ఒక్క మాటకే!" అని సుభద్రమ్మ తొడ చరుచుకుంది. "నీ బిడ్డకున్న తెలివి నీకు లేదు అనిలా. రేపటిసంది దీన్ని ఈడికే తోల్త."

సాయిలత మొహం వెలిగిపోయింది. అనిల ఎన్నో నెలలుగా చూడాలని తపించిన నవ్వు అది.

"తోలున్రి అవ్వా" అంది సాయిలత. "నేను సూస్కుంట."